తొంభై నాలుగు కేజీల ఇసుక

మా ఫైళ్ళ బావ ఒక్క మాట నోరు తెరిచి చెప్పి ఉంటే, ఈ వయసులో నేను నేలమీద వెల్లకిలా పడుకుని బండ్ల కింద దూరాల్సిన ఖర్మ ఉండేది కాదు. ఈ సంగతి ఆయన మొహం మీదే అన్నాను. ఆయన భార్య ముందు కూడా అన్నాను. ఆయన భార్యంటే నా చెల్లెలే. ఇద్దరూ నవ్వారు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. కాగితం నవ్వదు.

ఫైళ్ళ బావ అని పేరు పెట్టింది నేనే. ఆయన ఒక ఆఫీసు రికార్డు రూములో గుమాస్తా. ఎంత అడిగితే అంతకే జవాబిస్తాడు. "భోంచేశావా బావా?" అంటే "చేశాను" అంటాడు. ఎక్కడ చేశావు, ఎప్పుడు చేశావు, కడుపు నిండిందా అనేవాటికి వేరువేరుగా దరఖాస్తు పెట్టుకోవాలి.

రెండేళ్ళ కిందట ఒకే ఒక్కసారి అడక్కుండా మాట్లాడాడు. మా ఇంట్లో పదిమంది కూర్చుని ఉండగా, "బావా, మా ఆఫీసులో అటెండరు పోస్టు ఖాళీ ఉంది, చేరతావా?" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా సొంత షెడ్డు నడుపుతున్నవాణ్ణి నేను. గంట కొడితే టీలు అందించే ఉద్యోగం నాకు! ఆ రోజు నుంచి ఆయనతో మాటలు మానేశాను. ఎదురెదురుగా నిలబడ్డా సరే, మా మధ్య మాటలు చెల్లి ద్వారానే నడిచేవి.

నాది స్ప్రింగులు, షాకబ్జర్ల పని. ఇంజను ఎంత బలమైనదైనా టైరు నేలని పట్టుకోకపోతే పొగ తప్ప ఏమీ మిగలదు. రేసులో పచ్చ లైటు పడగానే బండి ముక్కు పైకి లేవాలి, బరువంతా వెనక టైర్ల మీద కూర్చోవాలి. అందుకు ముందు వైపు షాకులు వదులుగా ఉండాలి. అదే వదులుతో రోడ్డెక్కావా, గుంత దగ్గర పడవలా ఊగుతుంది, బ్రేకు తొక్కితే ముక్కు నేలకి దణ్ణం పెడుతుంది. అక్కడ పనికొచ్చేది ఇక్కడ పనికిరాదు. ఈ రెండిటికీ రాజీ కుదర్చడమే నా బతుకు. భార్యాభర్తల తగువు తీర్చడం దీనికంటే తేలిక.

ఈ పనిలో నాదొక పద్ధతి ఉంది. సీట్లో మనిషి కూర్చోకుండా సెట్టింగు చెయ్యను. వెనక ఇరుసు మీద అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. బండి దూకేటప్పుడు ఇంజను మెలికకి కుడి వెనక టైరు తేలిపోవాలని చూస్తుంది. దాన్ని తేలనివ్వకుండా పట్టేది ఆ కడ్డీ. దాని చివర లింకు, లింకుకో బోల్టు. నడిపే మనిషిని సీట్లో కూర్చోబెట్టి లింకు పొడవు సరిచేస్తూ పోతే, ఒకచోట ఆ బోల్టు వేలితో తోసినా జారి రంధ్రంలోకి వెళ్ళిపోతుంది. కడ్డీ మీద ఏ బరువూ లేదని అర్థం. అక్కడినుంచి ఒకటిన్నర చుట్టు బిగిస్తే సరి. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నాకు లెక్కలు రావు. నా లెక్కలన్నీ ఆ వేలి చివరే ఉన్నాయి.

అలాంటివాణ్ణి, ఒక్కసారి పద్ధతి తప్పాను.

షాకబ్జర్ల కంపెనీ ఏజెంటు ఒకాయన ఉన్నాడు. ఎప్పుడూ తెల్లటోపీ పెట్టుకుంటాడు కాబట్టి అందరూ తెల్లటోపీ అనే అంటారు. మా ప్రాంతానికి ఒక డీలరు కావాలని చాటింపు వేశాడు. ఎవరి చెయ్యి మంచిదో చూడటానికి పోటీ పెట్టాడు. పాత విమానాల రన్‌వే మీద పొద్దున రెండు పరుగులు, ఆ తర్వాత మామూలు రోడ్డు మీద యాభై కిలోమీటర్లు, తిరిగొచ్చి చివరి పరుగు. మూడు పరుగుల్లో ఏది తక్కువ సెకన్లలో ముగిస్తే అదే లెక్క. మొదటి పరుగు మొదలయ్యాక చివరి పరుగు దాకా బండి కింద పానా పెట్టకూడదు. చేత్తో తిప్పే షాకుల మరలు మాత్రం తిప్పుకోవచ్చు. పాల్గొనే మెకానిక్కు ధరావత్తు కట్టాలి. పోటీ ముగించిన ప్రతివాడికీ అది తిరిగి ఇచ్చేస్తారు. మధ్యలో బండి వెనక్కి తీసుకున్నా, పానా పెట్టినా తిరిగి రాదు.

డీలరు కాగితం చేతికొస్తే నా షెడ్డు నిలబడుతుంది. రాకపోతే ఇంకో ఏడాది కష్టం. బండ్లని పైకెత్తే రెండు స్తంభాల లిఫ్టు ఒకటుంటే, అది అమ్మి ధరావత్తు కట్టాను.

బండి చెల్లిది. రెండు తలుపుల ఎర్ర బండి. పెళ్ళికి ముందు నా షెడ్డులోనే ఐదేళ్ళు దాన్ని విప్పింది, బిగించింది. చెల్లి చేతికి నేను పానా ఇచ్చాను గానీ, రేసు స్టీరింగు మాత్రం ఇవ్వలేదు. ఒకప్పుడు ఆ రేసు లైట్ల దగ్గరే నేను బండితో సహా తిరగబడ్డాను. నా ఎడమ భుజం ఇప్పటికీ చెవి దాటి లేవదు. రోడ్డు మీద ఎంత దూరమైనా నడుపుకో, అక్కడ మాత్రం నా కంఠంలో ప్రాణం ఉండగా వద్దని చెప్పేశాను. రోజూ అదే బండిలో బావని ఆఫీసు దగ్గర దింపి, తను పనిచేసే మందుల గోదాముకి వెళ్తుంది.

"డ్రైవరు సంగతి నువ్వు పట్టించుకోకు అన్నయ్యా. ఆర్నెల్లుగా ఆదివారాలు ఇద్దరం వెళ్ళి నేర్చుకుంటున్నాం" అంది.

"మీ ఆయనా? కుర్చీలోంచి లేవడానికే నోటీసు అడిగే మనిషి!"

"మనుషుల్ని అంత తేలిగ్గా తీసెయ్యకు."

ఆయన నడుపుతుంటే ఇది పక్కన గడియారం పట్టుకుని నిలబడుతుందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది, అనుకున్నాను.

సెట్టింగు రోజు ఇద్దరూ వచ్చారు. బావ షెడ్డు బయట స్టూలు మీద కూర్చుని పేపరు విప్పాడు. పది అడుగుల దూరం. "బావా, వచ్చి కూర్చో" అంటే అయిపోయేది. ఆ రెండు మాటలు నా నోట్లోంచి రాలేదు. చెల్లివైపు తిరిగి, "మీ ఆయన బరువెంత?" అన్నాను.

"ఏవండీ, మీ బరువెంతని అన్నయ్య అడుగుతున్నాడు."

"తొంభై నాలుగని చెప్పు. మొన్ననే తూయించుకున్నాను."

"తొంభై నాలుగట."

"వినపడింది, నాకు చెవుడు లేదు."

ఇసుక సంచుల్లో నింపి, తూచి, సరిగ్గా తొంభై నాలుగు కేజీలు డ్రైవరు సీట్లో పేర్చాను. జారిపోకుండా బెల్టు కూడా పెట్టాను.

చెల్లి తొంగిచూసి, "అచ్చం ఆయనలాగే ఉన్నారు" అంది.

"ఇసుకే నయం. అటెండరు ఉద్యోగాల ఊసెత్తదు" అన్నాను, బయటికి వినపడేలా.

బావ పేపరు తిప్పాడు.

ఇసుకని కూర్చోబెట్టి ఉదయం నుంచి సాయంత్రం దాకా పనిచేశాను. బోల్టు వెన్నలో వేలు దిగినట్టు దిగింది. ముందు షాకుల మరలని రేసు కోసం ఎన్ని టిక్కులు వదలాలో, రోడ్డు కోసం ఎన్ని బిగించాలో సుద్దతో బానెట్ లోపల రాశాను. ఇసుక దించి నేనే షెడ్డు చుట్టూ రోడ్డు మీద తిప్పి చూశాను, గతుకు మీద ఒకే ఊపు ఊగి నిలబడింది. ఇరవై ఏళ్ళలో అంత బాగా కుదిరిన బండి లేదు.

పోటీ రోజు రన్‌వే దగ్గర తనిఖీ మనిషి ప్రతి బోల్టు మీదా పసుపు రంగు చుక్క పెట్టాడు. బోల్టు తిరిగితే రంగు పగులుతుంది, దొంగ దొరుకుతాడు. నాతో కలిపి నలుగురు మెకానిక్కులం. హెల్మెట్ పెట్టుకున్న మనిషి మా ఎర్ర బండిలో గీత దగ్గరికి వచ్చాడు. సీట్లో బాగా కిందకి కనిపిస్తున్నాడు. రేసు భయం మనిషిని ఇంతలా కుదించేస్తుందా అని బావ మీద మొదటిసారి జాలేసింది.

పక్కన ఎవరో నీళ్ళ సీసా మూత తిప్పుతున్న చప్పుడు. చూస్తే బావ.

నేను ఆయన్ని చూశాను. బండిని చూశాను. మళ్ళీ ఆయన్ని చూశాను. ఈలోపు పచ్చ లైటు పడింది.

ముక్కు లేచింది. కానీ కుడి వెనక టైరు నేల మీద నిలవలేదు. గిర్రున తిరిగి పొగ కక్కింది. ఎడమ టైరొక్కటే నెట్టడంతో బండి కుడివైపున్న సిమెంటు గోడ మీదకి వాలింది. చెల్లి స్టీరింగు లాగి పట్టింది. గోడకీ అద్దానికీ మధ్య రెండు మూరలుందో లేదో. నేను ఆ గోడ మీంచి కళ్ళు తిప్పేసరికి బండి అవతలి చివర ఉంది. బోర్డు మీద పన్నెండు పాయింటు తొమ్మిది సెకన్లు పడింది.

"తొంభై నాలుగన్నావు కదయ్యా!" అన్నాను. రెండేళ్ళ తర్వాత బావతో నేరుగా నేనన్న మొదటి మాట అది.

"నా బరువు తొంభై నాలుగే బావా. కావాలంటే చీటీ ఉంది."

"నడిపేది నువ్వు కాదని చెప్పొద్దా?"

"నువ్వు అడిగింది బరువు."

ఇలాంటి మనిషితో ఎవరైనా ఏం మాట్లాడగలరు? పోనీ ఆయన్ని అనడానికి నాకు మాత్రం మొహం ఎక్కడిది? పది అడుగులు నడవలేక ఇసుకని కూర్చోబెట్టింది నేను.

చెల్లి వచ్చి హెల్మెట్ తీసింది. జుట్టంతా చెమటకి నుదుటికి అతుక్కుపోయింది. కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి.

"నీ బరువెంతే?" అన్నాను.

"యాభై ఎనిమిది. తిట్టాలనుకుంటే తర్వాత తిట్టు."

"ముప్పై ఆరు కేజీలు తక్కువ! నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే సెట్టింగు చేసేవాడివా?"

చేసేవాణ్ణి కాదు. అది దానికీ తెలుసు, నాకూ తెలుసు.

"బరువు తగ్గితే ఇంకా వేగంగా పోతుందిలే అనుకున్నాను" అంది, కాస్త గొంతు తగ్గించి.

"అందరూ అలాగే అనుకుంటారు. కుడి సీట్లో బరువు తగ్గేసరికి ఆ పక్క బాడీ పైకి లేచింది. అది కడ్డీని లాగింది. కడ్డీ కుడి టైరుని నేలమీంచి లాగుతోంది. దాన్ని నొక్కడానికి పెట్టిన కడ్డీయే ఇప్పుడు పైకి పీకుతోంది, అర్థమైందా?"

"మరి ఇప్పుడేం చేద్దాం?"

పానా పెట్టే వీలు లేదు. ముందు షాకులు చేత్తో పూర్తిగా బిగించేశాను. ముక్కు లేవదు, బండి దూకదు, కాబట్టి పక్కకీ పోదు. రెండో పరుగు గీత గీసినట్టు తిన్నగా, ముసలి ఎద్దు నడిచినట్టు నెమ్మదిగా సాగింది. పదమూడు పాయింటు మూడు సెకన్లు. అవతల ఒకడి బండి పన్నెండు ఆరు కొట్టి కూర్చుంది.

యాభై కిలోమీటర్ల రోడ్డుకి చెల్లి పక్కన నేను కూర్చున్నాను. బావ వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కున్నాడు. పది కిలోమీటర్లు దాటాం.

"అన్నయ్యా, చివరి పరుగుకి ముందు షాకులు మళ్ళీ వదులు చెయ్" అంది.

"చెయ్యను. తిన్నగా వెళ్ళు, తిన్నగా రా. డీలరు కాగితం రాకపోతే పోయింది, ధరావత్తు తిరిగొస్తుంది."

"ధరావత్తుతో లిఫ్టు తిరిగొస్తుందా? కొన్నవాడు ఇస్తాడా? ఆ భుజంతో బండ్ల కింద పడుకుని ఎన్నేళ్ళు చేస్తావు?"

"అందుకని గోడకి గుద్దుకుంటావా?"

"పొద్దున పట్టుకున్నాను కదా. మళ్ళీ పట్టుకుంటాను."

ముందు లారీ ఒక్కసారిగా బ్రేకు వేసింది. చెల్లి కూడా తొక్కింది. సరిగ్గా అక్కడే ఒక గతుకు. మా ముగ్గురి బరువు మూడు చోట్ల పడి ఉన్నా, కడ్డీలో ఆ మెలిక అలాగే ఉంది. బండి తోక విదిల్చింది. చెల్లి స్టీరింగు చిటికెడంత తిప్పి, వదిలి, మళ్ళీ పట్టింది. అరవలేదు, కంగారుపడలేదు. లారీ బంపరుకి జానెడు దూరంలో ఆగాం. వెనకనుంచి బావ తల నా సీటుకి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

నేను దాని చేతులు చూస్తూ ఉండిపోయాను. నేను తిరగబడ్డ రోజున ఆ చేతులు నాకు ఉండి ఉంటే నా భుజం బాగుండేది. చేతులున్న మనిషిని ఐదేళ్ళు పక్కన కూర్చోబెట్టి, పానా అందించమన్నాను.

"నువ్వు చెయ్యకపోతే గీత దగ్గర నేనే దిగి తిప్పుకుంటాను" అంది, లారీ కదిలాక. "చేత్తో తిప్పడం రూల్లోనే ఉంది."

"ఉంది" అన్నాడు బావ వెనకనుంచి, నుదురు రుద్దుకుంటూ. "తొమ్మిదో నిబంధన."

"నువ్వు ఎవరి పక్షమయ్యా?"

"నేను చదివింది చెప్పాను."

అది తిప్పుకుంటుంది. నాకు తెలుసు. మా ఇంట్లో పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనుషులు ఇద్దరే, ఒకరు నేను, రెండోవారు అది. బండి వెనక్కి తీసుకున్నా ధరావత్తు పోతుంది. తీసుకోకపోతే చెల్లి ఆ వంకర బండితో గోడ పక్కన దూకుతుంది. దూకితే పన్నెండు ఆరుని కొట్టవచ్చు కూడా. డీలరు కాగితం రావచ్చు. ఆ ఆశ నాకు లేదంటే అబద్ధం. మిగిలిన ముప్పై కిలోమీటర్లూ అదే ఆశని నములుతూ కూర్చున్నాను. తియ్యగానే ఉంది. మింగుడు మాత్రం పడలేదు.

రన్‌వే దగ్గరికి తిరిగొచ్చాం. చెల్లి బానెట్ ఎత్తబోయింది.

"అది తర్వాత. ముందు సీట్లో కూర్చో. హెల్మెట్ పెట్టుకో, బెల్టు బిగించుకో. చేతులు స్టీరింగు మీద" అన్నాను.

"ఎందుకు?"

"కూర్చోమంటుంటే!"

పెట్టెలోంచి పానా తీసి బండి కిందకి దూరాను. అది చూసి తనిఖీ మనిషి పరుగెత్తుకొచ్చాడు. వెనకే తెల్లటోపీ కూడా.

"పెద్దాయనా, పసుపు చుక్క పగిలితే ఇక లెక్కలేదు!"

"తెలుసు."

బావ మోకాళ్ళ మీద కూర్చుని బండి కిందకి తొంగిచూశాడు. "బావా, పదకొండో నిబంధన. డబ్బంతా పోతుంది. చదివావా?"

"నువ్వు చదివావుగా, మన కుటుంబానికి ఒకరు చాలు. పదిహేడో నెంబరు పానా ఇటివ్వు."

పద్నాలుగు ఇచ్చాడు.

"దాని మీద అంకె ఉంటుందయ్యా! ఫైళ్ళ మీద నెంబర్లు ఎలా చూస్తావు?"

పదిహేడు ఇచ్చాడు. పసుపు చుక్క పటుక్కున పగిలింది. బోల్టు ఊడదీసి లింకు తిప్పుకుంటూ వచ్చాను. భుజం మండిపోతోంది. పైన సీట్లో చెల్లి కదలకుండా కూర్చుంది. దాని యాభై ఎనిమిది కేజీలూ ఆ లింకులో నా వేలికి తెలుస్తున్నాయి. సగం చుట్టు, ఇంకో పావు చుట్టు. బోల్టు జారి లోపలికి వెళ్ళిపోయింది.

అక్కడినుంచి ఒకటిన్నర చుట్టు బిగిస్తుంటే బావ ఇంకా కిందకి వంగి మెల్లగా అన్నాడు. "ఆ అటెండరు పోస్టు, బావా. నీ భుజం చూడలేక ఆర్నెల్లు ఆఫీసరు వెనక తిరిగాను. కూర్చుని చేసే పని అని."

నేను అడగలేదు. తనే చెప్పాడు.

"ఆ మాట ఆ రోజే చెప్పొచ్చుగా!"

"నువ్వు అడగలేదు."

బండి కింద ఉండబట్టి సరిపోయింది, నా మొహం ఆయనకి కనపడలేదు.

బయటికొచ్చి ముందు షాకులు సుద్ద రాత ప్రకారం వదులు చేశాను. పరుగెత్తాలంటే పరుగెత్తండి, లెక్కలోకి మాత్రం రాదన్నాడు తనిఖీ మనిషి. కిటికీలోంచి తల పెట్టి, "ఇప్పుడిది నీ బండి. గోడ సంగతి మర్చిపో" అన్నాను. చెల్లి హెల్మెట్‌లోంచి ఏదో అంది, ఇంజను చప్పుడులో వినపడలేదు.

పచ్చ లైటు పడింది. ముక్కు లేచింది. వెనక టైర్లు రెండూ ఒక్క మనిషి రెండు కాళ్ళలా నేలని తన్నాయి. పొగ లేదు, వంకర లేదు. బోర్డు మీద పన్నెండు రెండు. పక్కన బావ నా మంచి భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. నోట మాట లేదు, మామూలే.

తెల్లటోపీ వచ్చి నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. "ఇదే పొద్దున కొట్టి ఉంటే కాగితం మీదే" అన్నాడు. ఆ మాట నాకు ఆయన చెప్పాలా? డీలరు కాగితం పన్నెండు ఆరు వాడికి వెళ్ళింది. మంచివాడే, వాడి మీద నాకేమీ లేదు.

చెల్లి ఇప్పుడు నెలకో ఆదివారం నడుపుతోంది. ప్రతిసారీ ముందు నా దగ్గరికొచ్చి సీట్లో కూర్చుంటుంది. బావ పదిహేడో నెంబరు పానా వెతుకుతాడు. నేను నేలమీద పడుకుంటాను. ఇందులో ఎవరిది తప్పు అంటే బావదే అంటాను, ఇప్పటికీ. పోయిన ధరావత్తు మాత్రం నాది, లక్షా ముప్పై ఆరు వేల ఐదు వందలు.